ఉచిత విజ్ఞానము – వెలగల పుస్తకము



చీర కొనునప్పుడు మనము దానిని అంగడిలో మడత విప్పించి చూతుము. అంచు పరీక్షింతుము. రంగు నిలుచునా యని ఒకటికి రెండుమార్లు అడుగుదుము. పుస్తకము కొనునప్పుడు మాత్రము ఇంత విచారణ చేయము. పేరు చూచి, వెల చూచి, అచ్చులో నున్నది గదా, ఎవరో తెలిసినవారే వ్రాసియుందురని తెచ్చుకొందుము. అచ్చక్షరమునెడ మనకుగల యీ గౌరవము మంచిదే. కాని యా గౌరవమును పెట్టుబడిగా చేసికొని బ్రతుకు వ్యాపార మొకటి 2009 ప్రాంతమునుండి పెక్కు దేశములలో వ్యాపించినది. అది మా యింటి గడపకు వచ్చువరకు దాని సంగతి నాకును తెలియదు.

హైదరాబాదులో నున్న మా వదినగారు తమ కుమార్తెకు పుట్టినదినపు కానుక యీయదలచిరి. ఆ పిల్ల, అనగా నా మేనకోడలు, ఏడేండ్లుగా వీణ నేర్చుకొనుచున్నది. బొబ్బిలి వీణను గూర్చి ఇంగ్లీషులో నొక పుస్తక మున్నట్లు అంతర్జాలములోని యొక యంగడియందు వదినగారికి కనబడెను. వెల మూడువేల రెండువందల రూపాయలు. ఒక పుస్తకమునకు అంత సొమ్మా యని ఆమె రెండు దినములు తటపటాయించి, కడకు పాలవానికిని పూలదానికిని ఇచ్చుటకై డబ్బాలో దాచిన చిల్లరసొమ్ము గూడ కలిపి తెప్పించిరి. మూడువారములకు పుస్తకము వచ్చెను. డెబ్బదిరెండు పుటలు. తెరచి చూడగా బొబ్బిలి వీణను గూర్చి యున్నవి మూడు పుటలు! తక్కినవి సరస్వతీవీణ, పనసచెట్టు, బొబ్బిలి పట్టణము, విజయనగరము జిల్లా, 1757వ సంవత్సరపు బొబ్బిలి యుద్ధము, చివరకు బొబ్బిలి రైలు స్టేషను. వీణకును రైలు స్టేషనుకును గల సంబంధ మేమని వదినగారు నన్నడిగిరి. వీణ కొని రైలెక్కవలెను గదా వదినా యని నేను పరిహాసమాడితిని గాని, ఆమె నవ్వలేదు.

మేనకోడలు పుస్తకము చదివి, మూడవపుటలో ఆగిపోయెను. కొంతసేపటికి, "అమ్మా, ఈ వాక్యము నాదే," అనెను.

ఆ పిల్ల రెండేండ్లనుండి వికీపీడియా యను ఉచిత విజ్ఞానసర్వస్వమునకు వ్యాసములు వ్రాయుచున్నదట. తల్లికిని తెలియదు, నాకును తెలియదు. మొదటిదినములలో తాను వీణను గూర్చి వ్రాయుచు, మెట్లు ఇరువదినాలుగని వ్రాయుటకు బదులు ఇరువదిరెండని వ్రాసెనట. శ్రుతులు ఇరువదిరెండని నేర్చుకొనుచున్న కాలమది. ఆ సంఖ్య చేతిలో నాడినది. పదునొకండు దినములకు ఎవరో యొక పాఠకుడు దానిని దిద్దెను. ఇప్పుడు వికీపీడియాలో ఇరువదినాలుగనియే యున్నది. వదినగారు మూడువేల రెండువందలిచ్చి కొన్న పుస్తకములో మాత్రము ఇరువదిరెండు. ఆ పదునొకండు దినముల నడుమ నెప్పుడో యీ పుస్తకమునకు ప్రతి తీసికొనిరన్నమాట. మా వదినగారు తన కూతురి తప్పునే కానుకగా కొని కూతురికిచ్చిరి.

ఇది దొంగతనము కాదా యని మీరడుగుదురు. వదినగారును అట్లే యడిగిరి. కాదు. ఏల కాదో తెలిసికొన్నగాని యీ వ్యాపారము మనకు బోధపడదు.

వికీపీడియా 2001 జనవరి 15వ తేదీన ఇంగ్లీషులో ప్రారంభమైనది. తెలుగులో 2003 డిసెంబరునుండి యున్నది. వ్రాయువారికి జీతము లేదు. బడిపంతులు, విద్యార్థిని, పింఛనుదారు, ఇల్లాలు, ఎవరైనను వ్రాయవచ్చును, ఎవరైనను దిద్దవచ్చును. వ్రాయునప్పుడే వారొక యొడంబడికకు లోబడుదురు. ఈ వ్రాతను ఎవరైనను ప్రతి తీసికొనవచ్చును, మార్చవచ్చును, అమ్ముకొనవచ్చును గూడ. నియమములు ముఖ్యముగా రెండు. వ్రాసినవారి పేర్లనైనను, అవి దొరకు తావునైనను చెప్పవలెను. పుచ్చుకొన్నవాడు తాను తయారుచేసిన దానిని గూడ అదే స్వేచ్ఛతో ఇతరులకు విడిచిపెట్టవలెను. మొదట దీనికి వేరొక అనుమతిపత్ర ముండెడిది. 2009 జూన్ నుండి క్రియేటివ్ కామన్స్ అనుమతి వచ్చినది.

అమ్ముకొనుట కేల యనుమతించిరి? ఆలోచించిన నిందు వివేకము కలదు. రుసుము పుచ్చుకొను పాఠశాల తన పాఠములలో నొక వ్యాసమును చేర్చుకొనవలెనన్న, వెలకు అమ్ముడుపోవు పత్రిక యొక చిత్రము వేసికొనవలెనన్న, అంతర్జాలము లేని పల్లెకు ఎవరైన పుస్తకముగా అచ్చువేసి కాగితపు ఖర్చు రాబట్టుకొనవలెనన్న, అమ్మకూడదను నియమము అన్నిటికిని అడ్డుపడును. వేసవిలో చలివేంద్రము పెట్టినవారు, నీరు త్రాగువాడు బేరమునకు పోవుచున్నాడా, గుడికి పోవుచున్నాడా యని అడుగరు. అందొకడు కడవ నింపుకొని పోయి సంతలో గ్లాసు పదిరూపాయలకు అమ్మెనేని వానిని దొంగ యనలేము. చలివేంద్రము పదియడుగుల దూరముననే యున్నదని కొనువారితో చెప్పకపోయిన, అప్పుడు మాత్రము మనకు కష్టము తోచును.

ఈ కడవ నింపుకొను విద్యలో పేరుపడినది జర్మనీదేశమునందలి వి.డి.ఎం. అను ప్రచురణసంస్థ. 2002లో స్థాపింపబడి, సార్‌బ్రూకెన్ నగరమును కేంద్రముగా చేసికొని పెరిగినది; తరువాత ఓమ్నిస్క్రిప్టం అని పేరు మార్చుకొన్నది. దీని క్రింద ఆల్ఫాస్క్రిప్ట్, బీటాస్క్రిప్ట్, ఫాస్ట్‌బుక్ అను శాఖలుండెడివి. వాని చిరునామా మారిషసు ద్వీపము. (మన తెలుగువారి సంతతి తరతరములుగా నివసించుచున్న మారిషసే.) ఈ శాఖలు వికీపీడియా వ్యాసములను కూర్చి వేలకొలది పుస్తకములు అమ్మకమునకు పెట్టినవి. నదులు, మరచిపోయిన రాజులు, పురుగులు, రైల్వేస్టేషనులు, గణితసూత్రములు, ఒక్క యాటతో తెరమరుగైన ఆటగాండ్రు, ఏది కావలెనన్న నది. చిత్ర మేమనగా, సంపాదకులుగా అచ్చైన కొద్దిమంది పేర్లే యీ వేల పుస్తకములలో తిరిగి తిరిగి కనబడును. ఒక మనిషికి వ్యాకరణము, వ్యవసాయము, వైద్యము, విమానశాస్త్రము ఇన్నియు తెలిసియుండునా యని కొనువారికి సందేహము కలుగవలెను. కాని కొనువారు ఒక్క పుస్తకమునే చూతురు గదా! పక్కపక్కన వేయి పెట్టి ఎవరు చూచిరి?

న్యాయము చెప్పవలెనన్న, ఈ సంస్థ దాచలేదు. శ్రేష్ఠమైన విషయము, వికీపీడియా వ్యాసములనుండి యని అట్టమీదనే వేసిరి. అయితే అంతర్జాలపు అంగడిలో అట్ట బొమ్మ తపాలాబిళ్ల యంత కనబడును. దానిలోని యక్షరములు చీమలబారు. చదువగలిగినవారు అదృష్టవంతులు.

ఇన్ని వేల పుస్తకములు అచ్చువేయించి నిలువచేయుటకు గిడ్డంగు లెక్కడివని మీకు తోచవచ్చును. అచ్చే వేయలేదు. అదియే యీ వ్యాపారమునకు కీలకము. పూర్వము పుస్తకము అచ్చువేయుట పండుగకు అరిసెలు వండుటవంటిది: పిండి కొట్టించుట, పాకము పట్టుట, గంపెడు వండి పెట్టుట, మిగిలినచో నష్టము. ఇప్పటి పద్ధతి దోసె వంటిది. అడిగినవారు వచ్చిన పిమ్మటనే పెనముమీద పోయుదురు. అంగడిలో పేరు, వెల, అట్ట బొమ్మ మాత్ర ముండును. మా వదినగారు సొమ్ము కట్టిన తరువాతనే ఆ డెబ్బదిరెండు పుటలు యంత్రమునుండి వెలువడి, అంటింపబడి, తపాలాలో పడినవి. కావున ఒక పుస్తకము ఒక్క ప్రతియు అమ్ముడుపోకున్నను ప్రకాశకునికి పోయిన దేమియు లేదు. లక్ష పేర్లు పెట్టి, ఒక్కొక్క పేరునకు ఏ మూలనుండియో యొక్క కొనుగోలుదారు దొరకిన చాలును. అరుదైన విషయములనే ఏరుటకు కారణ మిదియే. రామాయణమునకు పుస్తకములు వేయి కలవు. బొబ్బిలి వీణకు ఇంగ్లీషు పుస్తక మెక్కడ నున్నది? కావలసినవారు వెల లెక్కచేయక కొందురు.

కూర్పును గూడ మనిషి చేయుచున్నట్లు తోచదు. వికీపీడియాలో ఒక వ్యాసమునుండి మరియొక వ్యాసమునకు లంకె లుండును. యంత్రము ఒక వ్యాసమును పట్టుకొని దాని లంకెల వెంట పోవును. వీణ యెదుట పనస, పనస యెదుట చెట్టు, బొబ్బిలి యెదుట రైలు స్టేషను. ఇది తెలిసినపిమ్మట వదినగారి ప్రశ్నకు సమాధానము దొరకినది. ఆల్ఫాస్క్రిప్ట్ వారి పుస్తకములలో నొకటి జార్జియా దేశపు చరిత్ర; నల్లసముద్రపు తీరమున, కాకసస్ పర్వతముల నడుమ నుండు దేశమది. దాని యట్టమీద వేసిన బొమ్మ అమెరికాలోని జార్జియా రాష్ట్రమునకు రాజధానియైన అట్లాంటా నగరము! పేరొక్కటియే గదా యని యంత్రము సరిపెట్టుకొన్నది.

అమెరికాలో మెంఫిస్ నగరమున బుక్స్ ఎల్.ఎల్.సి. యను సంస్థయు ఇట్లే వికీపీడియా వ్యాసములను వర్గములవారిగా గుదిగ్రుచ్చి అమ్మినది. వికీపీడియా జోలికి పోకుండ ఇట్టి పని చేసినవారును కలరు. ఫిలిప్ పార్కర్ అను ఆచార్యుడు గణనయంత్రము సాయముతో లెక్కలను, పట్టికలను పుస్తకములుగా మలచి, 2008 నాటికే రెండులక్షల పేర్లకు మించి ప్రకటించినట్లు చెప్పుకొనెను. ఒక్కొక్క పేరు గట్టిగా చదువుటకే మనకు పెక్కు దినములు పట్టును.

అయితే ఉచితవిజ్ఞానమును కాగితముమీద కెక్కించినవారందరు నిట్టివారే యనుకొనుట పొరపాటు. 2008లో జర్మనీలో బెర్టెల్స్‌మన్ అను పెద్ద ప్రచురణసంస్థ జర్మను వికీపీడియానుండి జనులు మిక్కిలిగా వెదకిన విషయములను ఏరి, కుదించి, ఇంచుమించు వేయిపుటల సంపుట మొకటి వేసెను. వెల 19.95 యూరోలు. పేరులోనే వికీపీడియా యని చెప్పిరి. ప్రతియొక్కటికి ఒక యూరో జర్మనీలోని వికీమీడియా సంఘమున కిచ్చిరి. అంతకు ముందే 2007 డిసెంబరులో మైన్జ్ నగరపు పీడియాప్రెస్ అను సంస్థ వికీమీడియా ఫౌండేషనుతో ఒప్పందము చేసికొని, చదువరులే తమకు కావలసిన వ్యాసములను ఏరుకొని పుస్తకముగా తెప్పించుకొను వసతి కల్పించెను. అమ్మినదానిలో కొంత భాగము ఫౌండేషనునకు చేరునట్లు ఏర్పాటు.

నాకు మిక్కిలి నచ్చినది మాత్రము 2015లో న్యూయార్కునగరమున మైకేల్ మాండిబర్గ్ అను కళాకారులు చేసిన పని. ఇంగ్లీషు వికీపీడియా మొత్తమును పుస్తకములుగా పేర్చిన నెన్ని యగునో లెక్కవేసి, అచ్చునకు సిద్ధము చేసిరి. 7,473 సంపుటములు, ఒక్కొక్కటి ఏడువందల పుటలు. అన్నియు అచ్చువేయలేదు. కొన్నింటినే వేయించి, తక్కినవాని వెన్నులను గోడమీద చిత్రించి ప్రదర్శించిరి. విషయసూచికయే 91 సంపుటములు. మరి 36 సంపుటములలో ఏమున్నదనుకొనుచున్నారు? వ్రాసినవారి పేర్లు! పేర్లకే ముప్పదియారు సంపుటములు. ఆ పేర్లలో తరణి పేరెంత, తాత పేరెంత, ఎవరు లెక్కపెట్టగలరు?

మా వదినగారి పుస్తకములోను వెనుకపుటలలో వ్రాసినవారి పేర్లు లేకపోలేదు. ఆవగింజలవంటి యక్షరములతో నాలుగుపుటల నిండ అచ్చువేసిరి. మేనకోడలి కలముపేరు అందులో నుండవచ్చునని తెలిసినపిమ్మట వదినగారు పూజగదిలోని భూతద్దము తెచ్చుకొని కిటికీవద్ద కూర్చుండి, ఒక్కొక్క పేరునే వ్రేలుపెట్టి చూచుకొనుచు పోయిరి. వంట ఆ పూట నేనే చేసితిని. మూడవపుట అడుగున దొరకినది. ఆమె నాకు చూపించి, పుస్తకము మూసి, మరల తెరచి, మరల చూచుకొనిరి. మూడువేల రెండువందలు పోయినవను మాట ఆ దినము మరి యెత్తలేదు. మరునాడు ఎత్తిరి.

డబ్బు సంగతి యటుంచుడు. నన్ను ఎక్కువ కలవరపెట్టినది ఆ ఇరువదిరెండు మెట్లు. వికీపీడియాలో తప్పు పడుట వింత కాదు. ఎన్నో పడుచుండును, ఎందరో దిద్దుచుందురు. దాని బలమంతయు ఆ దిద్దుబాటులోనే యున్నది. ప్రవహించు నీటిని సీసాలో పట్టి బిగించిన నేమగును? ఆ క్షణమున నందులో నున్న నలుసు అట్లే నిలిచిపోవును. ఇంతకంటె ప్రమాద మొకటి కలదు. రేపు ఏ విద్యార్థియో గ్రంథాలయములో ఈ పుస్తకము చూచును. అట్టయున్నది, సంపాదకుల పేర్లున్నవి, ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యయు నున్నది. (ఆ పదమూడంకెల సంఖ్య పుస్తకమును గుర్తించుటకే గాని, లోనిది సరియైనదని చెప్పుటకు గాదు. ఈ సంగతి చదువుకొన్నవారిలోనే పెక్కురకు తెలియదు.) ఆ విద్యార్థి వికీపీడియా తెరచి, మెట్లు ఇరువదినాలుగు కావు, ఇరువదిరెండు, ఇదిగో అచ్చుపుస్తకము సాక్ష్యమని మార్చును. తన తప్పునకు తానే సాక్షి! వికీపీడియాలో వ్రాయువారు ఈ చిక్కు నెరిగి, తమ వ్యాసములనుండి పుట్టిన పుస్తకములను ఆధారములుగా చూపరాదని నియమము పెట్టుకొనిరి. ఆ నియమము బయటివారికి తెలిసిన గదా!

మనకు ఇప్పటికిని విజ్ఞానసర్వస్వమనగా కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు జ్ఞప్తికి వత్తురు. అబలా సచ్చరిత్ర రత్నమాల వ్రాసిన భండారు అచ్చమాంబగారికి తమ్ముడాయన. ఆంధ్ర విజ్ఞానసర్వస్వమును తలపెట్టి, ఎందరో పండితులచేత వ్రాయించి, తాను వ్రాసి, 1923లో కాలధర్మము నొందునాటికి మూడు సంపుటములనే వెలువరింపగలిగిరి. అకారము దాటుటకే ఒక జీవితము చాలలేదు. అంత శ్రమకు సాక్షిగా నిలిచిన మాట విజ్ఞానసర్వస్వము. ఆ మాట చెవినిబడినంతనే మనము సొమ్ము విప్పుట సహజము. అందుచేతనే కొంచెము నెమ్మదింపుడని చెప్పుచున్నాను.

ఇట్టి పుస్తకము కంటబడినప్పుడు చేయవలసిన దేమి కష్టము కాదు. ముందుగా పుటల సంఖ్యను వెలతో పోల్చి చూడుడు. డెబ్బది, ఎనుబది పుటలకు వేలరూపాయలడిగిన ఆగుడు. పుస్తకము పేరులో ఒకదానికొకటి పొత్తులేని నాలుగైదు విషయములు వరుసగా నున్న నది యంత్రపు కూర్పని తలంపుడు. సంపాదకుల పేర్లను ఆ యంగడిలోనే వెదకి, వారు ఇంకేమేమి సంపాదించిరో చూడుడు. కప్పలు మొదలు గ్రహములవరకు అన్నియు వారివే యైనచో ఇక చెప్పవలసినది లేదు. వివరణమును తుదివరకు చదువుడు, వికీపీడియా యను మాట ఎచ్చటనో చిన్నగా నుండును. కడపట ఆ విషయమును వికీపీడియాలోనే వెదకుడు. కానియైన వెచ్చింపక ఆ వ్యాసమే, దిద్దిన రూపములో, మీ ముందర నుండును. ఇప్పటికే కొనియున్న మాత్రము ఒక యోదార్పు కలదు. ఆ పుస్తకములోని వ్యాసములకును అదే స్వేచ్ఛ వర్తించును గావున, వ్రాసినవారి పేర్లను, అనుమతిని తెలుపుచు మీరు నలుగురికి ప్రతులు తీసి పంచిపెట్టవచ్చును. మా వదినగారు ఇరుగుపొరుగున వీణ నేర్చు పిల్లలకు అట్లే యిచ్చిరి, ఇరువదిరెండును కలముతో ఇరువదినాలుగుగా దిద్ది.

ఇంతకును ఆ మేనకోడలు ఊరకుండలేదు. మా అమ్మగారికి ఎనుబదిమూడేండ్లు. తెరమీది యక్షరములు ఆమె కన్నులకు పడవు. అరసవల్లి, శ్రీకూర్మము, సింహాచలము మొదలగు క్షేత్రములను గూర్చియు, తమ పుట్టినయూరిని గూర్చియు తెలుగు వికీపీడియాలో నున్న వ్యాసములను ఆ పిల్ల యేర్చి, పెద్దయక్షరములలో నలుబది పుటలు అచ్చుతీయించి, వీధిమూల దుకాణములో తీగచుట్టతో కుట్టించెను. ఖర్చు నూటడెబ్బది రూపాయలు. మొదటిపుటలో ఇవి యెచ్చటివో, ఏ తేదీన తీసికొన్నవో వ్రాసెను. చివర వ్రాసినవారి పేర్లన్నియు, భూతద్దము లేకయే చదువగలిగినట్లు.

అమ్మగారు తమ యూరి వ్యాసమును మూడుమార్లు చదివిరి. జనాభా యున్నది, విస్తీర్ణ మున్నది, బడులు, బావులు, బస్సు వచ్చునో రాదో గూడ నున్నది.

"అన్నియు వ్రాసినారు గాని, పెద్దచెరువు త్రవ్వించిన దెవరో వ్రాయలేదేమే?" అని మనుమరాలి నడిగిరి.

"ఎవరు నాయనమ్మా?"

అమ్మగారు ఒక దొరసాని పేరు చెప్పిరి.

"వ్రాయుటకు ఆధారము కావలె నాయనమ్మా. పెద్దవాళ్లు చెప్పుకొందురన్న ఒప్పుకొనరు."

"ఆధారమా! గట్టుమీద రాతిలో చెక్కి యున్నది. నా చిన్నతనమున దానిపైనే గదా మేము బట్టలుతుకుట."

ఆ వచ్చు ఆదివారము మేము నలుగురము ఆ యూరికి పోవుటకు బండి మాటలాడుకొంటిమి. రాయి నాచుపట్టి యుండునని అమ్మగారు ఒక కొబ్బరిపీచు గూడ సంచిలో పెట్టించిరి.